అచ్చులు, హల్లులు ఇచ్చినవాడు - పాణిని

ఒకటో తరగతిలో పలక మీద మనం మొట్టమొదట దిద్దినవి అచ్చులు, ఆ తర్వాత హల్లులు. ఈ రెండు మాటలు ఎక్కడి నుంచి వచ్చాయని పంతులుగారిని అడిగినవాళ్లు మనలో ఎవరూ ఉండరు. నేనూ అడగలేదు. పదో తరగతి పరీక్షల ముందు హాస్టల్ వరండాలో బల్బు కింద కూర్చుని గుణసంధి, వృద్ధిసంధి, యణాదేశసంధి బట్టీ పట్టినప్పుడు కూడా అడగలేదు. నాలుగు మార్కులు వస్తే చాలనుకున్నాను. అచ్చు, హల్లు, గుణం, వృద్ధి, యణ్ అన్నీ ఒకే మనిషి పుస్తకంలోని మాటలని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అది కూడా తెలుగు క్లాసులో కాదు, కంప్యూటర్ క్లాసులో తెలిసింది. ఒక ప్రోగ్రామును కంప్యూటర్ ఎలా చదివి అర్థం చేసుకుంటుందో చెప్పే పాఠం అది. ఆ పాఠంలో వచ్చిన పేరు పాణిని.

ఈయన జీవితం రాయడం కష్టం. గాంధీగారి గురించో అంబేద్కర్ గారి గురించో రాస్తే తేదీలు, ఉత్తరాలు, ఫోటోలు ఉంటాయి. పాణినికి అవేవీ లేవు. పుట్టిన సంవత్సరం తెలియదు. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దమని కొందరు, 4వ శతాబ్దమని కొందరు పండితులు లెక్క కట్టారు. ఊరు మాత్రం తెలుసు. సింధు నదికి దగ్గరలో ఉన్న శలాతురం. ఇప్పుడది పాకిస్తాన్‌లో స్వాబీ జిల్లాలో లాహూర్ అనే చిన్న ఊరు. మనకు తెలిసిన పెద్ద లాహోర్ వేరు, ఇది వేరు. ఊరి పేరును బట్టి ఆయనను శాలాతురీయుడు అన్నారు. తల్లి పేరు దాక్షి. ఈ సంగతి మనకు చెప్పింది పతంజలి. పాణిని పుస్తకానికి మహాభాష్యం రాసిన ఆ పండితుడు ఆయనను దాక్షీపుత్రుడు అన్నాడు. ఇంత పెద్ద పండితుడిని తల్లి పేరుతో గుర్తుపెట్టుకోవడం నాకు బాగా నచ్చింది. పెళ్లి, పిల్లలు, ఆస్తిపాస్తుల సంగతి ఎక్కడా లేదు.

ఆయన ఉన్నది వాయవ్య దిక్కున చిట్టచివర. మనమున్నది గోదావరి ఒడ్డున. అయినా మన జిల్లా ఆయన పుస్తకంలో ఉంది! ఆనాటి పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది ఒక్కటే, అది అశ్మక. దాని రాజధాని పోదన అని బౌద్ధ గ్రంథాలు చెప్పాయి. ఆ పోదనే మన బోధన్ అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఒక దేశం పేరు నుంచి ఆ దేశపు రాజుకూ అతని సంతానానికీ పేరు ఎలా కట్టాలో చెప్పే సూత్రాల్లో ఒకచోట పాణిని అశ్మకను పేరు పెట్టి చెప్పాడు. అశ్మకవాడు ఆశ్మకి అవుతాడు. నాలుగో అధ్యాయం మొదటి పాదంలో 173వ సూత్రం అది. బోధన్ బస్టాండులో నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తొస్తే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఇంకో విశేషం చెబితే మన చెరకు రైతుల పిల్లలు నవ్వుతారు. వనం అనే మాటలోని న కారం కొన్ని మాటల తర్వాత ణ కారంగా మారుతుందని పాణిని ఒక సూత్రం చేశాడు. ఆ కొన్ని మాటల జాబితాలో ఇక్షు, అంటే చెరకు, ఉంది. అందువల్ల చెరకు తోట సంస్కృతంలో ఇక్షువనం కాదు, ఇక్షువణం. మరో సూత్రం ప్రకారం బెల్లానికి పనికొచ్చే చెరకును గౌడికం అంటారు. వ్యాకరణం రాసేవాడు చెరకు తోటలోకి ఎందుకొచ్చాడని అనుకోవచ్చు. ఆయన పుస్తకాల్లోంచి పుస్తకం రాయలేదు. జనం నోట ఉన్న మాటలన్నీ వెతికి పట్టుకున్నాడు. నాణేలు, తూకాలు, నేతగాళ్లు, బావులు, పందేలు, వంటలు అన్నీ సూత్రాల్లో కనబడతాయి. వాసుదేవ శరణ్ అగ్రవాల్ అనే పండితుడు కేవలం ఈ సూత్రాల్లోంచి ఆనాటి దేశ జీవితాన్ని తవ్వి 1953లో ఒక లావుపాటి పుస్తకమే వేశారు.

ఇక ఆయన చదువు గురించి కథలున్నాయి. ఇవి చరిత్ర కాదు, కథలే. 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో పాణిని వర్షుడనే గురువు దగ్గర చదివే మందమతి. ఎంత చెప్పినా తలకెక్కదు. చూసి చూసి గురుపత్ని అతన్ని పంపించేసింది. ఆ అవమానంతో అతను హిమాలయాలకు పోయి తపస్సు చేశాడు. శివుడు మెచ్చి కొత్త వ్యాకరణం ఇచ్చాడు. తిరిగొచ్చి తోటి విద్యార్థి వరరుచితో వాదానికి దిగాడు. ఏడు రోజులు గడిచాయి. ఎనిమిదో రోజు ఓడిపోయే సమయానికి ఆకాశంలోంచి శివుడు హుంకరించాడట. దాంతో అవతలివాళ్లు చదివిన పాత వ్యాకరణం మొత్తం మాయమైంది. నిజం చెప్పాలంటే ఇది న్యాయమైన గెలుపుగా నాకు కనిపించదు. అరచేతిలో విద్యారేఖ లేదని జోస్యుడు చెబితే కత్తితో గీసుకున్నాడనే కథ బడుల్లో ఇంకా ఎక్కువగా చెబుతారు. తమ్ముళ్లారా, ఆ పని మాత్రం ఎవరూ చేయకండి.

నాకు అన్నిటికంటే నచ్చిన కథ చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ చెప్పినది. 7వ శతాబ్దంలో ఆయన శలాతురం వెళ్లాడు. అప్పటికి పాణిని పోయి వెయ్యేళ్లు దాటింది. ఊళ్లో పాణిని విగ్రహం ఉండేదని రాశాడు. అక్కడివాళ్లు చెప్పిన కథ కూడా రాశాడు. చాలాకాలం క్రితం కాశ్మీరం నుంచి ఒక బౌద్ధ భిక్షువు ఆ ఊరికి వచ్చాడట. ఒక బ్రాహ్మణుడు ఒక పిల్లవాణ్ణి చితకబాదుతున్నాడు. ఎందుకని అడిగితే, వ్యాకరణం ఎంత చెప్పినా రావడం లేదన్నాడు. భిక్షువు నవ్వాడు. ఈ పిల్లవాడే పోయిన జన్మలో పాణిని అని చెప్పాడు. తాను రాసిన సూత్రాలు తనకే రాక దెబ్బలు తింటున్నాడన్నమాట! ఇది బౌద్ధులు చెప్పుకున్న కథ కాబట్టి అందులో కొంచెం ఎత్తిపొడుపు ఉంది. లౌకిక విద్యకు జన్మంతా ధారపోసినందుకు దక్కిన ఫలం అది అని వాళ్ల భావం. సంధులకు బెత్తం దెబ్బలు తిన్నవాళ్లకు మాత్రం ఈ కథ చాలా ఊరట.

కథలు పక్కన పెడితే చేతిలో మిగిలేది పుస్తకం. పేరు అష్టాధ్యాయి. ఎనిమిది అధ్యాయాలు, అధ్యాయానికి నాలుగు పాదాలు, మొత్తం 32 పాదాలు. సూత్రాలు దాదాపు 4,000. వాటికి తోడు దాదాపు 2,000 ధాతువుల జాబితా ఒకటి, ఒకే తీరుగా నడిచే మాటల గుంపుల జాబితా ఇంకొకటి. తనకు ముందున్న పదిమంది వ్యాకరణవేత్తల పేర్లను గౌరవంగా చెప్పాడు. వాళ్ల పుస్తకాలు ఇప్పుడు దొరకవు. ఈయన పుస్తకం వచ్చాక వాటిని మోసేవాళ్లు లేకపోయారు. మోయడమని ఎందుకంటున్నానంటే, ఆ కాలంలో పుస్తకం అంటే నోటికి వచ్చినది. అందుకే ప్రతి అక్షరాన్నీ పొదుపు చేశాడు. కొన్ని సూత్రాలు ఒకటి రెండు అక్షరాలే. చివరి సూత్రంలో ఉన్నవి రెండే అక్షరాలు.

పొదుపు ఎలా చేశాడో చూడాలి. ముందు అక్షరాలన్నిటినీ 14 చిన్న వరుసల్లో పేర్చాడు. ప్రతి వరుస చివర ఒక పొల్లు అక్షరం గుర్తుగా పెట్టాడు. అది లెక్కలోకి రాదు, కంచె కర్ర లాంటిది. ఏ అక్షరం నుంచి మొదలుపెట్టి ఏ కంచె దాకా కావాలో ఆ రెండూ చెబితే మధ్యలో ఉన్నవన్నీ వచ్చేసినట్టే. మొదటి వరుసలోని అ నుంచి నాలుగో వరుస చివర ఉన్న చ్ దాకా తీసుకుంటే అచ్. అందులో స్వరాలన్నీ ఉన్నాయి. ఐదో వరుసలోని హ నుంచి చివరి వరుసలోని ల్ దాకా హల్. అందులో వ్యంజనాలన్నీ ఉన్నాయి. అచ్చు, హల్లు అంటే ఇవే. మన పలక మీదికి వచ్చినవి రెండు అక్షరాల సంకేతాలని, ఇలాంటివి నలభైకి పైగా ఆయన వాడాడని తెలిసినప్పుడు నాకు చిన్నప్పటి పలక మళ్లీ చూడాలనిపించింది.

రెండో పొదుపు విభక్తులతో చేశాడు. ఒక మాట షష్ఠీ విభక్తిలో ఉంటే దాని స్థానంలో అని అర్థం. ప్రథమలో ఉంటే ఇది వస్తుంది అని అర్థం. సప్తమిలో ఉంటే ఇది ఎదురుగా ఉన్నప్పుడు అని అర్థం. దేని స్థానంలో, ఏది, ఎప్పుడు - ఈ మూడూ మూడు మాటల్లో అయిపోయాయి. అతి పక్కన అంతం వచ్చింది. ఇ స్థానంలో, య వస్తుంది, ఎదురుగా వేరే అచ్చు ఉంది కాబట్టి. అత్యంతం తయారైంది. సూత్రంలో రాముడు, సీత, రాజు, మంత్రి ఎవరూ లేరు. ఏ మాటలైనా సరే, ఆకారం సరిపోతే సూత్రం పనిచేస్తుంది. మూడో పొదుపు ఇంకా చిత్రం. ఒక సూత్రంలో చెప్పిన మాట కింది సూత్రాలకు తనంతట తానే జారుతుంది. మళ్లీ చెప్పనక్కరలేదు. దీన్ని అనువృత్తి అంటారు. హాస్టల్ నోటీసు బోర్డు మీద పైన ఒకసారి ఏడో తరగతి అని రాసి కింద వరుసగా పేర్లు రాస్తారు చూడండి, అలాంటిది.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. రెండు సూత్రాలు ఒకే చోట పని చేస్తామని ముందుకొస్తే ఎవరి మాట చెల్లాలి? దానికీ పాణిని ఒక సూత్రం పెట్టాడు. తర్వాతది గెలుస్తుందని. పుస్తకంలో తర్వాత వచ్చే సూత్రం అని పూర్వ పండితులు అర్థం చెప్పారు. అలా చూస్తే చాలాచోట్ల తప్పుడు మాటలు వస్తున్నాయి. వాటిని సరిచేయడానికి వాళ్లు మళ్లీ కొత్త నియమాలు తెచ్చిపెట్టారు. 2022లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో రిషి రాజ్‌పోపట్ అనే యువ పరిశోధకుడు వేరే అర్థం చెప్పాడు. తర్వాతది అంటే పుస్తకంలో తర్వాతది కాదు, మాటలో కుడిపక్కన ఉన్న భాగానికి వర్తించేది అని. అలా తీసుకుంటే యంత్రం సాఫీగా నడుస్తుందని అతని వాదన. ఒప్పుకోని పండితులూ ఉన్నారు. దాదాపు రెండు వేల నాలుగు వందల సంవత్సరాల నాటి పుస్తకం మీద ఇంకా పరీక్ష రాస్తూనే ఉన్నారన్నమాట.

ఇప్పుడు మన హాస్టల్ పత్రికలో దాచకూడని ఒక సంగతి చెప్పాలి. రెండో అధ్యాయం నాలుగో పాదంలో పదో సూత్రం శూద్రుల గురించి. రెండు కులాల పేర్లు కలిపి ఒక సమాసంగా చెప్పేటప్పుడు అది ఏకవచనంలో ఉండాలా అన్నది అక్కడ విషయం. ఆ నియమం వెలివేయబడని శూద్రులకు మాత్రమే అని పాణిని హద్దు పెట్టాడు. అంటే వెలివేయబడినవారు వేరే ఉన్నారు. వాళ్లెవరని పతంజలి క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దంలో చర్చించాడు. ఎవరు తిన్న పాత్ర ఎంత తోమి శుద్ధి చేసినా పనికిరాదంటారో వాళ్లు అని తేల్చాడు. చదవగానే నాకు ఊరి హోటల్లో విడిగా పెట్టిన గాజు గ్లాసు కళ్ల ముందు కనబడింది. మన తాతలు ఆ గ్లాసులో చాయ్ తాగి, తామే కడిగి పెట్టినవాళ్లు.

దీన్ని ఎలా తీసుకోవాలని నేను చాలా రోజులు ఆలోచించాను. పాణిని ఆ వెలిని కనిపెట్టలేదు. చెరకు తోటను రాసినట్టే దాన్నీ ఉన్నదున్నట్టు రాశాడు. కానీ మెచ్చుకోలేదు కాబట్టి ఆయన తప్పు లేదని నేననను. ఏకవచనం, బహువచనం లాంటి చిన్న విషయంలోకి కూడా వెలి ఎలా దూరిందో ఆ సూత్రం సాక్ష్యం చెబుతుంది, అంతే. ఆ తర్వాత ఈ చదువును మనవాళ్లకు దక్కకుండా చేసినవాళ్లు వేరే ఉన్నారు. బాబాసాహెబ్ అంబేద్కర్ బడిలో సంస్కృతం చదువుతానంటే చెప్పేవాళ్లు లేక పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. తర్వాత సొంతంగా సంస్కృతం నేర్చుకున్నారు. నేర్చుకుని శాస్త్రాల్లో ఏముందో చదివి మరీ జవాబు చెప్పారు. పాణినిని మనం చదవాలా అని అడిగే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను ఈ సంగతి చెబుతాను. దండం పెట్టడానికి చదవనక్కరలేదు. విప్పి చూడటానికి చదవాలి.

పాణిని తర్వాత కాత్యాయనుడు ఆయన సూత్రాలకు వార్తికాలు రాశాడు. తప్పులు పట్టాడు, సవరణలు చెప్పాడు. పతంజలి ఇద్దరినీ ముందు పెట్టుకుని మహాభాష్యం రాశాడు. ఈ ముగ్గురినీ కలిపి మునిత్రయం అంటారు. సూత్రాలతో వ్యాకరణం చెప్పే పద్ధతి మన తెలుగులోకీ వచ్చింది. పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం అలాగే రాశారు. మన పదో తరగతి పుస్తకంలోని తెలుగు సంధి సూత్రాలు చాలావరకు ఆయన చలవే. యూరప్ వాళ్లకు అష్టాధ్యాయి బాగా అందుబాటులోకి వచ్చింది బోట్‌లింక్ అనే పండితుడు 1839-40లో అచ్చు వేసిన తర్వాత. అప్పటి నుంచి అక్కడి భాషాశాస్త్రం దారి మారింది.

కంప్యూటర్ సంగతికి వస్తాను. 1950లలో కంప్యూటర్లకు భాషలు తయారుచేసినప్పుడు ఆ భాషలకు కూడా వ్యాకరణం కావలసి వచ్చింది. 1959లో జాన్ బ్యాకస్ అనే అమెరికన్ ఒక పద్ధతి చెప్పాడు. ఎడమవైపు ఒక పేరు, కుడివైపు అది దేనిగా విడిపోతుందో రాయాలి. వాక్యం అంటే ఇది, ఇది, ఇది. వాటిలో ఒక్కొక్కటి మళ్లీ ఇంకొన్ని. డెన్మార్క్‌కు చెందిన పీటర్ నౌర్ దాన్ని 1960లో సాఫు చేశాడు. ఇద్దరి పేర్లతోనే ఆ పద్ధతి నిలిచింది. 1967లో ఇంగర్‌మన్ అనే ఆయన కంప్యూటర్ పండితుల పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. ఇలాంటి పద్ధతి భారతదేశంలో పాణిని ఎప్పుడో వాడాడు కాబట్టి దానికి పాణిని-బ్యాకస్ అని పేరు పెట్టండి అని. పేరు మారలేదు గానీ పుస్తకాల్లో పాణిని పేరు చేరింది.

ఇక్కడ ఒక గాలి మాటను ఆపాలి. కంప్యూటర్‌కు అన్నిటికంటే తగిన భాష సంస్కృతమని నాసా చెప్పిందని మనం ఎన్నో సభల్లో విన్నాం. నాసాలో పనిచేసే రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు 1985లో ఒక వ్యాసం రాసిన మాట నిజం. సంస్కృత వ్యాకరణ పండితులు వాక్యార్థాన్ని విడదీసే తీరు, కంప్యూటర్‌లో అర్థాన్ని దాచే తీరు ఒకలా ఉన్నాయని అందులో ఉంది. అంతే తప్ప సంస్కృతంలో ప్రోగ్రాములు రాయమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ రాయడమూ లేదు. పైగా పాణిని చేసిన పనికి, కంప్యూటర్ ప్రోగ్రామును చదివే పనికి దిశలో తేడా ఉంది. పాణిని అర్థంతో మొదలుపెట్టి మాటను తయారుచేస్తాడు. కంప్యూటర్ తయారైన వాక్యాన్ని తీసుకుని వెనక్కి నడిచి అది ఎలా తయారైందో కనుక్కుంటుంది. కనుక్కున్నది ఒక చెట్టు ఆకారంలో రాసుకుంటుంది.

ఈ చెట్టు ఏమిటో మన చెరకుతోనే చెబుతాను. డబ్బు లావాదేవీల ఒప్పందాన్నే ప్రోగ్రాముగా రాసి, షరతు నెరవేరగానే దానంతట అదే అమలయ్యేలా చేస్తే దాన్ని స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు. ఆ ఆలోచన 1990లలో నిక్ సాబో అనే ఆయనది. 2015లో ఎథీరియం అనే బ్లాక్‌చైన్ నడక మొదలుపెట్టాక అది నిజంగా వాడుకలోకి వచ్చింది. ఆ ఒప్పందాలు ఎక్కువగా సాలిడిటీ అనే భాషలో రాస్తారు. ఒక ఫ్యాక్టరీ, ఒక రైతు అలాంటి ఒప్పందం రాసుకున్నారనుకుందాం. తూకంలోంచి తరుగు తీసేసి ధరతో హెచ్చవేయాలి. 20 టన్నులు, 1 టన్ను తరుగు, టన్నుకు 3,000 రూపాయలు. తూకం మైనస్ తరుగు అన్నదాన్ని బ్రాకెట్లో పెట్టి ధరతో గుణిస్తే 19 టన్నులకు 57,000 రూపాయలు. రాసినవాడు బ్రాకెట్ మరచిపోయాడు. తూకం మైనస్ తరుగు ఇంటూ ధర అని వదిలేశాడు. కంప్యూటర్ ముందు ఈ వరుసను విడి మాటలుగా తెంపుతుంది. తర్వాత వ్యాకరణం చూసి చెట్టు కడుతుంది. గుణకారానికి ముందు చోటు ఇవ్వాలని వ్యాకరణంలో ఉంది. కాబట్టి చెట్టు మొదట్లో తీసివేత నిలుస్తుంది. దాని ఎడమ కొమ్మకు తూకం, కుడి కొమ్మకు గుణకారం. ఆ గుణకారం కింద తరుగు, ధర. లెక్క 20లోంచి 3,000 తీసేయడం అవుతుంది. జవాబు సున్నా కంటే 2,980 తక్కువ.

సాలిడిటీలో డబ్బు లెక్కలకు ఎక్కువగా వాడే అంకెలకు సున్నా కంటే కిందికి చోటు లేదు. 2020 డిసెంబరులో వచ్చిన 0.8 వెర్షన్ నుంచి అలాంటి లెక్క వస్తే లావాదేవీ మొత్తం రద్దవుతుంది. అంతకు ముందు వెర్షన్లలో అంకె వెనక్కి తిరిగి లెక్కపెట్టలేనంత పెద్దదయ్యేది. రైతుకు పైసా రాకపోవడమో, ఫ్యాక్టరీ ఖజానా మొత్తం ఇవ్వాలని రావడమో జరిగేది. తేడా ఒక్క బ్రాకెట్. పాణిని అక్షరం అక్షరం ఎందుకు తూచాడో ఇక్కడ నాకు అర్థమైంది.

ఇది ఊహ కాదు. 2016 జూన్‌లో ది డావో అనే పెద్ద స్మార్ట్ కాంట్రాక్ట్‌లోంచి ఒకడు 36 లక్షల ఈథర్ లాగేశాడు. అప్పటి ధరలో దాదాపు 5 కోట్ల డాలర్లు. అక్కడ వ్యాకరణం తప్పలేదు. డబ్బు పంపడం ముందు, ఖాతాలో తగ్గించి రాయడం తర్వాత పెట్టారు. ఆ మధ్యలో వాడు మళ్లీ మళ్లీ అడిగి తీసుకున్నాడు. మన మెస్సులో పెరుగు కప్పు తీసుకున్న తర్వాత పేరు మీద టిక్కు పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. టిక్కు ముందు పడాలి. ఇప్పుడు ఇలాంటి తప్పులు పట్టే సాధనాలున్నాయి. అవి ఒప్పందం రాతను అక్షరాల వరుసగా చూడవు. దాన్ని చెట్టుగా మార్చి, కొమ్మ కొమ్మా ఎక్కి దిగి, డబ్బు పంపే కొమ్మ ముందుందా, ఖాతా తగ్గించే కొమ్మ ముందుందా అని చూస్తాయి. స్లిథర్ అనే సాధనం సాలిడిటీ కంపైలర్ ఇచ్చే చెట్టునే తీసుకుని ఈ పని మొదలుపెడుతుంది.

చెరకు డబ్బులు 14 రోజుల్లో ఇవ్వాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వులో ఉంది. ఆలస్యమైతే వడ్డీ కూడా ఉంది. మన రైతులు ఆ 14 రోజులను ఎన్ని నెలలుగా లెక్కపెట్టుకున్నారో శక్కర్‌నగర్ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. 1937లో నిజాం కాలంలో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఖాతాలో డబ్బు లేకపోతే ఏ ప్రోగ్రామూ ఇవ్వలేదు, అది వేరే సంగతి. కానీ తూకం ఎంత, తరుగు ఎంత, ఏ రోజుకు ఎంత రావాలి అన్నది రైతు కొడుకు లేదా కూతురు చదివి సరిచూడగలిగే రాతలో ఉంటే గేటు దగ్గర మాట మార్చడం కష్టమవుతుంది.

మాట్లాడే భాషకు కూడా ఇలాంటి చెట్లు కడుతున్నారు. మన హైదరాబాద్‌లోనే ట్రిపుల్ ఐటీలో చాలా ఏళ్లుగా ఈ పని జరిగింది. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గార్లు అక్షర భారతి అనే బృందం పేరుతో కలిసి 1995లో పాణిని దృష్టితో భాషలను కంప్యూటర్‌కు నేర్పడం గురించి పుస్తకం వేశారు. వాక్యంలో క్రియ మధ్యలో ఉంటుంది, మిగతా మాటలు కారకాలుగా దానికి వేలాడతాయి. చేసేవాడు కర్త, చేయబడేది కర్మ, ఎవరికిస్తే వాళ్లు సంప్రదానం. పాణిని చెప్పిన కారకాలు ఆరు. రైతు ఫ్యాక్టరీకి చెరకు అమ్మాడు అన్నా, చెరకు ఫ్యాక్టరీకి రైతు అమ్మాడు అన్నా చెట్టు ఒకటే. అమ్మాడు పైన, దాని కింద రైతు కర్త, చెరకు కర్మ, ఫ్యాక్టరీ సంప్రదానం. మాటల వరుస మారినా విభక్తి చెబుతుంది. ఇంగ్లీషుకు చేసిన పద్ధతులు వరుస మీద ఎక్కువగా ఆధారపడతాయి కాబట్టి మనకు అంతగా నప్పవు. 2009లో ఈ చెట్లు కట్టే ప్రోగ్రాములకు జాతీయ స్థాయిలో పోటీ పెట్టారు. అందులో హిందీ, బంగ్లాలతో పాటు తెలుగు కూడా ఉంది.

2004లో మన తపాలా శాఖ పాణిని పేరుతో స్టాంపు వేసింది. ఆయన ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు కాబట్టి ఏ బొమ్మ వేసినా అది ఊహే.

ఆయన చావు గురించి కూడా ఒక కథే మిగిలింది. పాణినిని సింహం చంపిందని పంచతంత్రంలో ఉంది. అదే చోట మీమాంస రాసిన జైమినిని ఏనుగు, ఛందస్సు రాసిన పింగళుణ్ణి మొసలి చంపాయని కూడా ఉంది. గుణం తెలియని జంతువుకు పండితుడైనా పామరుడైనా ఒకటేనని చెప్పడానికి వాడుకున్న ఉదాహరణలు అవి. తిథి మాత్రం పండితులు గుర్తు పెట్టుకున్నారు, త్రయోదశి. ఏ నెలో, ఏ పక్షమో తెలియదు కాబట్టి ప్రతి త్రయోదశికీ వ్యాకరణ పాఠం చెప్పకపోవడం సంప్రదాయంగా వచ్చింది. నెలకు రెండు రోజులు సెలవు. మేము హాస్టల్లో ఉన్నప్పుడు ఈ సంగతి తెలిసుంటే తెలుగు సారును కచ్చితంగా అడిగేవాళ్లం.